శాటిలైట్లు ఇన్ని ఉండగా అరోరాలోకి పది నిమిషాల రాకెట్ ఎందుకు? (మా నాన్నగారి ప్రశ్న)

సియాటిల్_గోదారి

అందరికీ నమస్కారం. మార్చి మొదటి వారంలో అమ్మానాన్నలని అలాస్కా తీసుకెళ్ళాను. నాన్న ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. ధ్రువకాంతులు (అరోరా) కళ్ళారా చూడాలని ఆయనకి ఎప్పటినుంచో కోరిక. ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి స్టీస్ హైవే మీద చటానికా వైపు వెళ్తుంటే 30వ మైలు దగ్గర పోకర్ ఫ్లాట్ రీసెర్చ్ రేంజ్ అని బోర్డు కనిపించింది. ఇక్కణ్ణుంచి అరోరాలోకి రాకెట్లు వదులుతారని, అవి పైకి వెళ్ళి పది నిమిషాల్లో కిందపడిపోతాయని లాడ్జి ఆయన చెప్పాడు. అంతే, ఇక నాన్న రెండు రోజులు అదే మాట. "ఇన్ని శాటిలైట్లు తిరుగుతుంటే పది నిమిషాల కోసం ఒక రాకెట్ తగలేయడం దేనికి? సూర్యుడి నుంచి ఎలక్ట్రాన్లు వస్తాయి, పై గాలిని గుద్దుకుంటాయి, వెలుగొస్తుంది అని నేను పిల్లలకి చెబుతూనే ఉన్నాను కదా, ఇంకా తేలనిది ఏముంది?" అని.

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని, నాకు తెలియలేదు. నెట్‌లో వెతికితే అన్నీ ఫొటోలూ టూర్ ప్యాకేజీలే వస్తున్నాయి. ఇక్కడ ఈ పనిలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి. ఆయన లెక్కలతో సహా అడుగుతారు, కాబట్టి అంకెలు కూడా ఇస్తే సంతోషం.

ఫెయిర్‌బ్యాంక్స్_చలి

గోదారి గారూ, నేను ఫెయిర్‌బ్యాంక్స్‌లోనే చదువుకున్నాను, ఆ రేంజ్ మా యూనివర్సిటీదే, 1960ల చివర నుంచీ నడుస్తోంది. మీ నాన్నగారి రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను, ఎందుకంటే అసలు కథంతా అందులోనే ఉంది.

"ఎలక్ట్రాన్లు సూర్యుడి నుంచి వచ్చి గుద్దుకుంటాయి" అనేది సగమే నిజం. సౌర పవనంలో, అంటే సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే కణాల ప్రవాహంలో వచ్చే ఎలక్ట్రాన్ శక్తి మామూలుగా పది ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటుంది (ఒక వోల్టు తేడాలోంచి జారితే ఎలక్ట్రాన్‌కి వచ్చే శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టు). అది నేరుగా వచ్చి తగిలితే 100 కిలోమీటర్ల ఎత్తు దాకా దిగనే దిగదు. మీరు చూసిన ఆకుపచ్చ తెర 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో వెలుగుతుంది, అంత కిందికి చొచ్చుకు రావాలంటే ఎలక్ట్రాన్‌కి వెయ్యి నుంచి పది వేల ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. పాత డబ్బా టీవీలో పిక్చర్ ట్యూబ్ ఉండేది చూశారా, అందులో ఎలక్ట్రాన్లని తెర మీదికి తోసే వోల్టేజీ కూడా ఇంచుమించు ఆ స్థాయిదే. అంటే సూర్యుడికీ మన వాతావరణానికీ మధ్య, భూమికి దగ్గర్లోనే ఎక్కడో, ఎవరో ఆ ఎలక్ట్రాన్లకి వందల రెట్లు ఊపు ఇస్తున్నారు. ఎవరు, ఎక్కడ, ఎలా? అసలు ప్రశ్న అది.

దీనికి మొదటి గట్టి ఆధారం దొరికింది రాకెట్ వల్లే. 1958లో కెనడాలోని ఫోర్ట్ చర్చిల్ నుంచి కార్ల్ మెకిల్‌వెయిన్ అనే ఆయన అరోరాలోకి రాకెట్లు పంపించారు, అప్పటికి ఆయన అయోవాలో వాన్ అలెన్ అనే అంతరిక్ష శాస్త్రవేత్త దగ్గర పనిచేసే కుర్రాడు. ప్రకాశవంతమైన అరోరాలో ఎలక్ట్రాన్ల శక్తి రకరకాలుగా చెల్లాచెదరుగా ఉంటుందనుకుంటే, చాలా వరకు ఒకే శక్తి చుట్టూ, సుమారు 6 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర గుమిగూడి కనిపించింది. ఫిజిక్స్ మాస్టారికి ఇది చెబితే ఆయన లేచి కూర్చుంటారు చూడండి. ఒకే ఎత్తు నుంచి జారిన నీళ్ళన్నీ కిందికి ఒకే వేగంతో వస్తాయి కదా, అలాగే ఈ ఎలక్ట్రాన్లన్నీ ఒకే వోల్టేజీ తేడాలోంచి జారి వచ్చాయన్నమాట. కానీ ఆకాశంలో అయస్కాంత రేఖల వెంట అంత వోల్టేజీ నిలబడుతుందంటే చాలామంది ఏళ్ళ తరబడి నమ్మలేదు, ఎలక్ట్రాన్లు అటూ ఇటూ పరిగెత్తి ఆ తేడాని వెంటనే చెరిపేస్తాయి కదా అని వాదన. 1970లలో శాటిలైట్లు కొన్ని వేల కిలోమీటర్ల ఎత్తులో ఆ విద్యుత్ క్షేత్రాలని స్వయంగా కొలిచాకే ఆ వాదన తగ్గింది.

అక్కడితో అయిపోలేదు. కొన్ని అరోరాల్లో ఎలక్ట్రాన్లు ఒకే శక్తితో రావు, చాలా వెడల్పుగా, గుప్పులు గుప్పులుగా వస్తాయి. అయస్కాంత రేఖల వెంట ప్రయాణించే ఆల్ఫ్‌వెన్ తరంగాల మీద ఎలక్ట్రాన్లు అల మీద తేలే పడవలాగా ఊపు అందుకుంటాయని సిద్ధాంతం ఉండేది, 2021లో లాస్ ఏంజలెస్‌లో 20 మీటర్ల పొడవున్న ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న కణాల వాయువు) యంత్రంలో దాన్ని ప్రయోగం చేసి చూపించారు. ఏ అరోరాలో ఏది పనిచేస్తోంది, రెండూ ఒకదాని పక్కన ఒకటి ఎలా ఉంటున్నాయి అనేది ఇప్పటికీ పని జరుగుతున్న విషయమే.

ఇక రాకెట్ ఎందుకంటే, బెలూన్ 40 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. శాటిలైట్ 200 కిలోమీటర్ల కింద తిరగలేదు, గాలి రాపిడికి పడిపోతుంది. అరోరా వెలిగేది సరిగ్గా ఆ మధ్యలో. పైగా శాటిలైట్ సెకనుకి ఏడున్నర కిలోమీటర్ల వేగంతో అడ్డంగా దూసుకుపోతుంది, అరోరాలో సన్న తీగలు కొన్ని వందల మీటర్ల మందమే ఉంటాయి, సెకనులో పదో వంతులో దాటేస్తుంది, అది మళ్ళీ అక్కడికి వచ్చేసరికి గంటన్నర, అప్పటికి ఆ అరోరా ఉండదు. కొలతలో మార్పు కనిపిస్తే అది చోటు మారడం వల్లనా, కాలం మారడం వల్లనా అనేది కూడా తేల్చుకోలేం. రాకెట్ అలా కాదు. రెండు దశల బ్లాక్ బ్రాంట్ రాకెట్ దాదాపు 300 కిలోమీటర్లు ఎక్కుతుందనుకుంటే 100 కిలోమీటర్ల పైన ఏడు నిమిషాల పాటు ఉంటుంది, పై అంచుకి చేరే కొద్దీ నెమ్మదిస్తుంది, ఒకే అరోరాలో కింది నుంచి పైకీ పై నుంచి కిందికీ వెళ్ళి చూసి వస్తుంది. ఆ ఏడు నిమిషాలూ మనం ఎంచుకున్నవి. శాటిలైట్‌కి ఆ సౌకర్యం లేదు.

"ఎంచుకున్నవి" అన్నాను కానీ ఆ ఎంచుకోవడం ఎంత టెన్షనో చెప్పాలి. ఒక ప్రయోగానికి నేను ఫోర్ట్ యూకాన్‌లో కెమెరా దగ్గర ఉన్నాను. అది ఆర్కిటిక్ వృత్తం మీద చిన్న ఊరు, రోడ్డు లేదు, చిన్న విమానంలో వెళ్ళాలి. రాకెట్ వెళ్ళే దారి కింద ఉంటుంది కాబట్టి అక్కణ్ణుంచి నిట్టనిలువుగా పైకి అరోరాని వీడియో తీయాలి, లేకపోతే ఎలక్ట్రాన్ కొలత ఒకచోటా వెలుగు ఒకచోటా అయిపోతుంది. చంద్రుడు ఉండకూడదు, మా దగ్గర మబ్బు ఉండకూడదు, రేంజ్ దగ్గర గాలి ఎక్కువ ఉండకూడదు, అరోరా ఉండాలి. నాలుగూ ఒకేసారి కుదరాలి. కౌంట్‌డౌన్‌ని ఆఖరి కొన్ని నిమిషాల దగ్గర ఆపేసి రాత్రంతా అలాగే కూర్చుంటారు. వదిలాక రాకెట్ పైకి చేరడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది, అంటే ఇప్పుడు కనిపిస్తున్న అరోరాని చూసి కాదు, ఐదు నిమిషాల తర్వాత అది ఎక్కడ ఉంటుందో అంచనా వేసి వదలాలి. మైనస్ 38లో కెమెరా గాజు బుడగ మీద మంచు పట్టకుండా తుడవడం నా పని. పదకొండు రాత్రులు ఉత్తవే పోయాయి. పన్నెండో రాత్రి ఫోన్‌లో అంకెలు లెక్కపెట్టడం వినిపించింది, దక్షిణాన కొండల వెనక నుంచి ఒక నారింజ చుక్క లేచింది, చప్పుడు ఏమీ లేదు, దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరం కదా. ఆ చుక్క ఆరిపోయింది, మా నెత్తిన అరోరా మాత్రం వెలుగుతూనే ఉంది. ఆ చీకట్లో రాకెట్ సరిగ్గా దాని లోపల ఉందని తెలిసి నాకు ఏడుపొచ్చింది.

ఇంకొక మాట, అక్కడ రాకెట్‌ని లాంచర్ మీద తెల్ల థర్మోకోల్ పెట్టెలో పెట్టి లోపలికి వేడిగాలి ఊదుతుంటారు, చలికి పాడవకుండా. మంట అంటుకోగానే రాకెట్ ఆ థర్మోకోల్‌ని చీల్చుకుని బయటికొస్తుంది, ముక్కలు మంచు మీద పడి ఉంటాయి.

సియాటిల్_గోదారి

చాలా థాంక్సండీ. ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. 6 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర నిజంగానే లేచి కూర్చున్నారు! ఆయన తర్వాతి ప్రశ్న: "రాకెట్ తిరుగుతూ ఊగుతూ పోతుంటే దాంట్లో ఒక్కొక్క ఎలక్ట్రాన్ శక్తి ఎలా కొలుస్తారు?"

వాక్యూమ్_పంపు

ఈ ప్రశ్నకి జవాబు నేను చెబుతాను. నేను ఆ డిటెక్టర్లు తయారుచేసే ల్యాబులో నాలుగేళ్ళు పనిచేశాను.

చూడటానికి చాలా చిన్నది, రెండు అరచేతుల్లో పట్టేంత. ఒక గుండ్రటి గిన్నెలో ఇంకో చిన్న గిన్నె బోర్లించినట్టు రెండు అర్ధగోళాలు ఉంటాయి, మధ్య సందు కొన్ని మిల్లీమీటర్లే. లోపలి గిన్నెకి పాజిటివ్ వోల్టేజీ ఇస్తారు. పైన చుట్టూ ఉన్న సన్నని కంతలోంచి ఎలక్ట్రాన్ లోపలికి వచ్చి ఆ వంపు సందులో తిరగాలి. ఫ్లైఓవర్ మలుపులో బండి నడిపినట్టే: వేగం ఎక్కువైతే బయటి గోడకి తగులుతుంది, తక్కువైతే లోపలి గోడకి, సరిగ్గా ఆ వోల్టేజీకి తగిన శక్తి ఉన్నదే అవతలికి చేరుతుంది. వోల్టేజీని మిల్లీసెకన్ల లెక్కన మెట్లు మెట్లుగా మార్చుకుంటూ పోతే ఏ శక్తి దగ్గర ఎన్ని ఉన్నాయో పట్టీ వచ్చేస్తుంది. ఏ దిక్కు నుంచి వచ్చిన ఎలక్ట్రాన్ అయితే గిన్నె కింద ఆ దిక్కున దిగుతుంది, కాబట్టి అయస్కాంత రేఖకి ఎంత కోణంలో వచ్చిందో కూడా తెలుస్తుంది. రాకెట్ తిరగడం ఇబ్బంది కాదు, కావాలనే తిప్పుతారు, లేకపోతే స్థిరంగా పోదు. మరీ ఎక్కువ తిరగకుండా పైకి వెళ్ళాక రెండు తీగల చివర బరువులు కట్టి బయటికి వదిలేస్తారు, అవి విచ్చుకునే కొద్దీ రాకెట్ నెమ్మదిస్తుంది, తర్వాత ఊడి పోతాయి.

కింద ఎలక్ట్రాన్‌ని లెక్కపెట్టేది గాజు పలక. మైక్రోఛానెల్ ప్లేట్ అంటారు. వెలుతురుకి అడ్డం పెట్టి చూస్తే మామూలు మసక గాజులాగే ఉంటుంది కానీ అందులో లక్షల సన్న గొట్టాలుంటాయి, ఒక్కొక్కటీ వెంట్రుక కన్నా సన్నం. ఒక ఎలక్ట్రాన్ ఒక గొట్టంలో పడితే గోడలకి కొట్టుకుంటూ కొట్టుకుంటూ చివరికి లక్షల ఎలక్ట్రాన్ల గుప్పుగా బయటికొస్తుంది, అప్పుడే ఎలక్ట్రానిక్స్‌కి అది కనిపిస్తుంది. వీటికి తేమ పడదు, దుమ్ము పడదు, పొడి నైట్రోజన్‌లో పెట్టి కాపాడాలి. రెండు వేల వోల్టుల దాకా ఇవ్వాలి, అదీ మంచి వాక్యూమ్‌లోనే. అందుకే రాకెట్‌లో కూడా గాలి బాగా పలచబడ్డ ఎత్తు దాటాకే ఆ వోల్టేజీ ఆన్ అవుతుంది.

మా దగ్గర (యూనివర్సిటీ పేరు అనవసరం) ఒకసారి రాత్రి ఒంటిగంటకి ఛాంబర్‌లో ఇంకా గాలి పూర్తిగా పోకముందే తొందరపడి వోల్టేజీ పెంచారు. కిటికీలోంచి ఊదారంగు వెలుగు ఒక్కసారి తళుక్కుమంది, అంతే. పలక మీద నల్లటి మచ్చ పడింది. షిప్పింగుకి మూడు వారాలే ఉంది. ఆ రాత్రి ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు, తెల్లారి స్పేర్ ప్లేట్ తీసి మళ్ళీ మొదటి నుంచి పరీక్షలు మొదలుపెట్టాం. ఇంత జాగ్రత్తగా పెంచుకున్న వస్తువు ఏడు నిమిషాలు పనిచేసి మంచులోనో సముద్రంలోనో పడిపోతుంది. డేటా మొత్తం ఎగురుతున్నప్పుడే రేడియోలో కిందికి వచ్చేస్తుంది కాబట్టి పర్వాలేదు, కానీ నా మటుకు నాకు దాన్ని పంపించేటప్పుడు బెంగగా ఉండేది.

మీ నాన్నగారికి లెక్క కావాలన్నారు కదా. పది కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్ సెకనుకి సుమారు 58,000 కిలోమీటర్లు వెళ్తుంది, ఒక కిలో ఎలక్ట్రాన్ వోల్టుది సుమారు 18,700. రెండూ ఒకేసారి బయల్దేరితే రాకెట్ దగ్గరికి ఎంత తేడాతో వస్తాయో చూసి అవి ఎంత దూరంలో బయల్దేరాయో చెప్పొచ్చు. మెరుపుకీ ఉరుముకీ మధ్య లెక్కపెట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పినట్టు. 5,000 కిలోమీటర్ల దూరానికి తేడా ఎంతో ఆయన్నే వేయమనండి.

సూళ్ళూరుపేట

అమ్మా, నేను శ్రీహరికోటలో సౌండింగ్ రాకెట్ల మీద, అంటే ఇలా పైకి వెళ్ళి కొలిచి కిందపడే రకం మీద పనిచేసి రిటైరయ్యాను. ఇక్కడ అరోరా లేదు కానీ మీ నాన్నగారికి నచ్చే సంగతులు రెండున్నాయి.

సౌండింగ్ అంటే చప్పుడు కాదు. ఓడవాళ్ళు నీటి లోతు చూడటాన్ని ఆ మాటతో పిలుస్తారు. మన గోదారిలో పడవ వాళ్ళు గెడ వేసి లోతు చూసుకుంటూ పోతారు కదా, అదే పని. గెడ ఎక్కువసేపు నీళ్ళలో ఉండదు, దించుతారు, తీస్తారు, ఆ ఒక్కచోట ఎంత లోతో తెలుస్తుంది.

రెండోది, మన దగ్గర అరోరా ఎందుకు రాదంటే ఎలక్ట్రాన్లు అయస్కాంత రేఖల వెంటే జారతాయి. ధ్రువాల దగ్గర ఆ రేఖలు దాదాపు నిలువుగా నేలలోకి దిగుతాయి, కాబట్టి ఎలక్ట్రాన్లకి కిందికి దారి ఉంది. మన దక్షిణాదిన రేఖలు దాదాపు నేలకి సమాంతరంగా పడుకుని ఉంటాయి, దారి లేదు. కానీ అదే కారణంగా ఇక్కడ మరోటి ఉంది. పగటిపూట 105 కిలోమీటర్ల ఎత్తున అయస్కాంత భూమధ్యరేఖ వెంట పెద్ద విద్యుత్ ప్రవాహం పారుతుంది, ఎలక్ట్రోజెట్ అంటారు. అరోరా వెలిగే ఎత్తే చూడండి! దాన్ని చూడటానికే కేరళలోని తుంబాని ఎంచుకున్నారు, 1963 నవంబర్ 21న అక్కణ్ణుంచి మొదటి రాకెట్ లేచింది. శ్రీహరికోట నుంచి మొదట లేచింది 1971 అక్టోబర్ 9న, చిన్న రోహిణి, ఆర్.హెచ్-125. ఆ 125 ఏమిటంటే రాకెట్ వ్యాసం మిల్లీమీటర్లలో, ఇంత పైపు. ఇప్పుడు అందరూ పెద్ద పెద్ద లాంచ్‌లే చూస్తారు, ఈ చిన్నవాటి ముచ్చట ఎవరూ అడగరు. మీరు అడిగారు కాబట్టి రాశాను.

పాత_పేపర్లు

చిన్న సంగతి ఒకటి కలుపుతాను. 1995 జనవరి 25న నార్వేలోని అండోయా నుంచి అరోరా మీద పరిశోధనకి నాలుగు దశల బ్లాక్ బ్రాంట్ వదిలారు, 1,400 కిలోమీటర్ల పైకి వెళ్ళింది. రష్యా రాడార్లకి అది జలాంతర్గామి నుంచి వచ్చిన అమెరికా క్షిపణిలా కనిపించింది, అధ్యక్షుడు యెల్త్సిన్ ముందు అణుదాడికి ఆదేశమిచ్చే పెట్టె తెరిచారు. నార్వే వాళ్ళు వారాల ముందే రష్యాతో సహా చాలా దేశాలకి ఉత్తరాలు రాశారు, ఆ కబురు రాడార్ దగ్గర కూర్చున్నవాళ్ళ దాకా చేరలేదు. కొన్ని నిమిషాల్లో అది తమ వైపు రావడం లేదని తేలి ఊపిరి పీల్చుకున్నారు. రాకెట్ తన కొలతలు తను తీసుకుని స్పిట్స్‌బెర్గెన్ ద్వీపం దగ్గర పడింది.

సియాటిల్_గోదారి

నాన్న జవాబు: సుమారు 0.18 సెకను. కాగితం మీద వేసి నాకు ఫొటో పంపారు. సూళ్ళూరుపేట గారికి ప్రత్యేకంగా నమస్కారం చెప్పమన్నారు, మాది కోనసీమ, ఆయన చిన్నప్పుడు గెడ పడవల్లోనే స్కూలుకి వెళ్ళేవారట.

ఆఖరి ప్రశ్న, ఇది మా సొంత అనుభవం. మూడో రాత్రి తెరలన్నీ అయిపోయాక, తెల్లవారుజామున మూడు దాటాక, ఆకాశమంతా మసక మసకగా మచ్చలు మిగిలాయి. అందరూ లోపలికి వెళ్ళిపోయారు. నాన్న ఒక్కరే బయట నిలబడి, ఆ మచ్చలు ఆరి వెలుగుతున్నాయన్నారు. నాకు నా కళ్ళ అలసట అనిపించింది. ఆయన పెదాలతో లెక్కపెట్టి, ఒక్కో మచ్చకి ఎనిమిది తొమ్మిది సెకన్లు అన్నారు. నా ఫోన్ ఫొటోల్లో ఏమీ తెలియడం లేదు. అది ఏమై ఉంటుంది?

ఫెయిర్‌బ్యాంక్స్_చలి

మీ నాన్నగారు చూసింది నిజమే. దాన్ని పల్సేటింగ్ అరోరా అంటారు, అర్ధరాత్రి దాటాక, పెద్ద ఆటంతా అయిపోయాక వస్తుంది, ఒక్కో మచ్చ రెండు నుంచి ఇరవై సెకన్ల లోపు ఆరి వెలుగుతుంటుంది. ఫోన్ నైట్ మోడ్ కొన్ని సెకన్ల వెలుగుని కలిపి ఒకే ఫొటో చేస్తుంది, అందుకే మీ ఫోన్‌లో అది చెరిగిపోయింది.

దీనికి ఊపు ఇచ్చేది పైన చెప్పిన వోల్టేజీ కాదు. అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర, పదుల వేల కిలోమీటర్ల దూరంలో కోరస్ అనే రేడియో తరంగాలు పుడతాయి, వాటిని స్పీకర్లో వింటే తెల్లవారుజామున పిట్టల గోలలా ఉంటుంది, ఆ పేరు అందుకే. అవి అక్కడ చిక్కుకుని తిరుగుతున్న ఎలక్ట్రాన్లని దారి తప్పించి మన వైపు రాలుస్తాయి, చెట్టు ఊపితే కాయలు రాలినట్టు. జపాన్ వాళ్ళ అరసే శాటిలైట్ ఈ తరంగాలనీ, రాలే ఎలక్ట్రాన్లనీ, కింద వెలిగే మచ్చనీ జతకలిపి 2018లో చూపించింది. ఆ తరంగాలే మరీ ఎక్కువ శక్తి ఉన్నవాటిని, శాటిలైట్లని పాడుచేసే రకం ఎలక్ట్రాన్లని కూడా అదే సమయంలో రాలుస్తున్నాయా అనేది పెద్ద ప్రశ్న. అవి వంద కిలోమీటర్ల దగ్గర ఆగవు, ఇంకా కిందికి, అరవై డెబ్బై కిలోమీటర్ల దాకా వచ్చి అక్కడి ఓజోన్‌ని తినేసే నైట్రోజన్ ఆక్సైడ్లు పుట్టిస్తాయి. అది తేల్చడానికే నాసా వాళ్ళు ల్యాంప్ అనే రాకెట్‌ని 2022 మార్చి 5న తెల్లవారుజామున, మీరు బోర్డు చూసిన ఆ రేంజ్ నుంచే, సరిగ్గా ఇలాంటి ఆరి వెలిగే మచ్చల్లోకి పంపించారు. మీ నాన్నగారు నిలబడింది కూడా మార్చి మొదటి వారంలో, అదే దారిలో, అదే వేళకి.

మళ్ళీ వెళ్తే ఫోన్‌ని స్టాండుకి బిగించి ఫొటో కాదు, వీడియో తీయండి. వీలైతే పెద్ద లెన్సున్న కెమెరా అద్దెకి తీసుకుని ఒక మచ్చ మీదే కనీసం రెండు నిమిషాలు కదపకుండా ఉంచండి, టైమ్ సెకన్లతో సహా రాసుకోండి. బ్యాటరీ జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి, బయట పెడితే పది నిమిషాల్లో చచ్చిపోతుంది. తీశాక నాకు ఇక్కడే పంపండి, ఆయన ఎనిమిది సెకన్ల లెక్క సరిపోయిందో లేదో కలిసి చూద్దాం.